ముప్పై ఎనిమిదో నంబరు బస్సుకు జనం కావాలి

ఆ గురువారం ఉదయం ఇర్మెలా కోల్బె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడూ పన్నెండుకి ఎల్స్‌డెన్ ఊళ్ళో బయలుదేరే ముప్పై ఎనిమిదో నంబరు బస్సులో ఇరవైతొమ్మిది మంది ఎక్కాలి. ఎక్కి, పంతొమ్మిది కిలోమీటర్లు కుదురుగా కూర్చుని, జిల్లా కేంద్రమైన హాగెన్‌రీడ్‌లో దిగిపోవాలి. అంతే. అందులో ఎవరికీ అన్యాయం లేదు. అయినా ఆమె తెల్లవారకముందే లేచి, ఒకసారి చేసిన కాఫీని మరచిపోయి మళ్ళీ చేసి, రెండూ తాగకుండా వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉంది.

ఇర్మెలాకు యాభై రెండేళ్ళు. జిల్లా కార్యాలయంలో రవాణా విభాగం ఆమెదే. ఆ ఏడాది జర్మనీలో ఆ విభాగంలో పనిచేసేవాళ్ళెవరికీ కంటి నిండా నిద్ర లేదు. దేశమంతటా ఏ బస్సయినా, ఏ పాసింజరు రైలయినా ఎక్కి తిరగగల చవక నెల టికెట్టు ఉండాలని కేంద్రమూ అంది, రాష్ట్రాలూ అన్నాయి, జిల్లాలూ అన్నాయి. ఖర్చు మాట వచ్చేసరికి మాత్రం, హోటల్లో బిల్లు రాగానే ముగ్గురు తోడల్లుళ్ళూ ఒకేసారి చేతులు కడుక్కోవడానికి లేచినట్టయింది. కేంద్రం రాష్ట్రం వైపు చూసింది, రాష్ట్రం జిల్లా వైపు చూసింది, జిల్లా కిటికీలోంచి బయటికి చూసింది. చివరికి రాష్ట్రం ఒక మెలిక పెట్టింది. పల్లె బస్సుల్లో జనం ఎక్కుతున్నారో లేదో తమ మనిషి గుట్టుగా వచ్చి మూడు రోజులు లెక్కపెడతాడు. రోజుకు సగటున పదిహేను మంది తేలితే వాటా ఇస్తారు, లేకపోతే లేదు.

మొదటి రోజు ఏడుగురు ఎక్కారు. రెండో రోజు తొమ్మిది మంది, అందులో ఒకాయన పొరపాటున ఎక్కి తరువాతి స్టాపులోనే దిగిపోయాడు. ఇక మిగిలింది ఈ గురువారమే. ఇరవైతొమ్మిది మంది ఎక్కితేనే సగటు పదిహేనవుతుంది. అదే రోజు తొమ్మిది గంటలకు జిల్లా సభ కూర్చుంటుంది. రాష్ట్రం చేతులెత్తేస్తే ముప్పై ఎనిమిదో నంబరును ఎత్తేసే తీర్మానం సిద్ధంగా ఉంది. దాన్ని టైపు చేసి, నకళ్ళు తీసి, ఒక్కొక్కదానికీ పిన్ను కొట్టింది కూడా ఇర్మెలాయే.

ఆ బస్సు పోతే ఆమె ఉద్యోగానికి వెళ్ళే దారే పోతుంది. ఆమెకు కారు లేదు. కారు నడపడమే రాదు. వయసులో ఉండగా నాలుగుసార్లు పరీక్షకు వెళ్ళి నాలుగుసార్లూ తప్పింది. నాలుగోసారి పరీక్ష పెట్టే ఆయన మధ్యలోనే కారు దిగి, ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. ఈ సంగతి కార్యాలయంలో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళ కిందట చేరిన మొదటి రోజున జిల్లా అధ్యక్షుడు హార్ట్‌విగ్ శ్రేడర్, "కారుంది కదండీ?" అని మంచినీళ్ళున్నాయా అన్నంత మామూలుగా అడిగాడు. రవాణా విభాగంలో చేరుతున్న మనిషి లేదని ఎలా చెబుతుంది? "ఉందండీ. వర్క్‌షాపులో ఉంది" అనేసింది. రంగేమిటని అడిగితే బూడిద రంగంది. ఆ కారు తొమ్మిదేళ్ళుగా వర్క్‌షాపులోనే ఉంది. ఈలోగా దానికి రెండుసార్లు బ్రేకులు పోయాయి, ఒకసారి గేర్లు మార్చారు, ఒక చలికాలం ఇంజనులో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆమె పేరు మీద కార్యాలయం వెనక కేటాయించిన పార్కింగు చోటు ఖాళీగా పడి ఉంటే, దానికోసం ఇద్దరు సహోద్యోగులు పోట్లాడుకుని మాటలు మానేశారు.

అందుకే ఆమె టిల్డా బ్రోంబెర్గ్ కాళ్ళ మీద పడినంత పని చేసింది. టిల్డా ఇర్మెలాకు చిన్నప్పటి వ్యాయామం టీచరు, ఇప్పుడు చర్చి గాయక బృందానికి పెద్ద. ఆమె ఈల ఊదితే డెబ్బై ఏళ్ళవాళ్ళు కూడా వరసలో నిలబడతారు. "దిగులు పడకు పిల్లా. ఇరవై ఇద్దరూ వస్తారు. రానివాళ్ళకి ఈస్టరు పాటల్లో చోటు లేదని చెప్పేశా" అంది టిల్డా ముందు రోజు. ఇరవై ఇద్దరు గాయకులు, రోజూ ఎక్కేవాళ్ళు తొమ్మిది మంది. ముప్పై ఒకటి. ఇద్దరికి జలుబు చేసినా ఫరవాలేదు.

ఆరూ ముప్పావుకే ఇర్మెలా స్టాపులో ఉంది. ఎల్స్‌డెన్ ఆ బస్సుకు చివరి ఊరు. చర్చి పక్కన గుండ్రటి ఖాళీ స్థలం ఉంది, బస్సు అందులో గుండ్రంగా తిరిగి, వచ్చిన దారినే వెళుతుంది. ఆ స్థలానికి అవతల అడవిలోంచి హాగెన్‌రీడ్‌కు పోయే సన్నటి దారి ఒకటి ఉంది కానీ, దానికి అడ్డగేటు, గేటుకు తాళం.

రోజూ వచ్చేవాళ్ళు అప్పటికే చలికి కాళ్ళు ఆడిస్తూ నిలబడి ఉన్నారు. ఆసుపత్రిలో పనిచేసే అక్కాచెల్లెళ్ళు, రొట్టెల దుకాణం అమ్మాయి, మరికొందరు. వాళ్ళ వెనక, ఎన్నడూ లేనిది, టై కట్టుకుని ముసలి బ్రీల్ గారు.

"ఏమండీ బ్రీల్ గారూ, పెళ్ళికా?"

"కంటి డాక్టరుకమ్మా. అంతకంటే పెళ్ళికూతురు దొరకడమే నయం. ఈ తేదీ ఏడు నెలల కిందట ఇచ్చారు. ఎనిమిదీ ముప్పావుకి అక్కడ ఉండాలి. ఇవాళ తప్పితే మళ్ళీ అక్టోబరే. అక్టోబరుకి నువ్వెవరో, గుమ్మమెక్కడో కూడా తెలియదు నాకు." చూపు మందగించగానే ఆయన తన కారు తాళాలు తానే తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో ఇచ్చి వచ్చాడు. ఆ జిల్లాలో అలాంటి పని చేసిన మనిషి ఇంకొకడు లేడు.

అంతలో ఒక కారు వచ్చి గుండ్రటి స్థలంలో ఆగింది. అందులోంచి గాయక బృందంలో మంద్రస్థాయి పాడే ఆయన దిగాడు. వెనకే ఇంకో కారు, దాని వెనక మూడు, వాటి వెనక ఎర్రదీపాలూ తెల్లదీపాలూ వరసగా. ఒక్కో కారులోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు. ఏడయ్యేసరికి స్థలమంతా కార్లు.

ఇర్మెలా టిల్డా దగ్గరికి పరుగెత్తింది. "టీచరుగారూ! వీళ్ళంతా కార్లలో వచ్చారేమిటి?"

"మరెలా వస్తారే? చుట్టుపక్కల ఏడు పల్లెల వాళ్ళాయె. బస్సు దగ్గరికి రావాలంటే బస్సుందా?"

"మీ ఇల్లు చర్చి వెనకే కదా. మీరెందుకు కారు తెచ్చారు?"

"నడిచొస్తే బస్సు తప్పిపోతుందేమోనని" అంది టిల్డా, ఏమాత్రం తడబడకుండా.

ఏడూ అయిదుకు బస్సు వచ్చింది. డ్రైవరు ముహరెం బోస్నియా నుంచి కుర్రతనంలో వచ్చి, ఆ దారి మీద ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్న మనిషి. తిరగాల్సిన స్థలాన్ని చూశాడు. ఇంజను ఆపాడు. ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకున్నాడు.

"కోల్బె గారూ, ఇవాళేమైనా సంతా?"

"కాదు ముహరెం, వీళ్ళంతా ప్రయాణికులు."

ముహరెం కార్లను చూశాడు, జనాన్ని చూశాడు. "రోజూ పది మంది కూడా ఎక్కరు. ఇవాళ ముప్పై మంది. సంతోషమే. కానీ ఎలా తిరగను? ఎగరమంటారా?"

ఇర్మెలా చూపు మాత్రం జనం మీదే ఉంది. రాష్ట్రం మనిషి ఎవరు? మొదటి రెండు రోజులూ ఎక్కడ నక్కి లెక్కపెట్టాడో గానీ, ఆయన ముఖం ఎవరూ చూడలేదు. జనంలో తెలియని వాళ్ళు ఇద్దరే. ఒకడు లావుపాటి మనిషి, కొండలెక్కే బూట్లు, ఉన్ని టోపీ. రెండో ఆయన సన్నగా, కోటు వేసుకుని, తోలు సంచి పట్టుకుని, అందరి చెవుల వైపూ పరీక్షగా చూస్తున్నాడు. ఈయనే, అనుకుంది ఇర్మెలా. ఆ మాట టిల్డా చెవిలో వేసింది. మరుక్షణంలో టిల్డా ఆయన్ను రెక్క పట్టుకుని బస్సెక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒళ్ళో ఆపిల్ కేకు ముక్క పెట్టింది. ఆయన ఇంత ఆదరణ ఎన్నడూ ఎరగనట్టు తినసాగాడు. ఆయన వినికిడి యంత్రాలు అమ్ముకునే మనిషని రెండో ముక్క తిన్నాక గానీ బయటపడలేదు. అప్పటికే ఆయన బృందంలో ముగ్గురికి చెవులు చూసి, ఒకరికి ఆర్డరు కూడా రాసుకున్నాడు. ఉన్ని టోపీ మనిషి కిమ్మనకుండా ఆఖరి సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ముహరెం నిబంధన ప్రకారం డిపోకు ఫోను చేసి, "ఎల్స్‌డెన్‌లో కార్లు అడ్డంగా ఉన్నాయి, బస్సు కదలదు" అని చెప్పాడు. టిల్డా ఈల తీసింది. గాయకులంతా బస్సు దిగి, ఒక్కొక్కరే కార్లు తీసి ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కన వరసగా పెట్టడం మొదలుపెట్టారు. దిగినవాడు తన సీటు పోతుందని సీట్లో టోపీ పెట్టి వెళ్ళడం, టోపీ మీద ఇంకొకరు కూర్చోవడం, దాని మీద తగాదా. ఏడున్నర దాటింది. బ్రీల్ గారు అయిదు నిమిషాలకోసారి, "ఎంతయిందమ్మా?" అని అడుగుతున్నాడు. ఇర్మెలా ప్రతిసారీ రెండు నిమిషాలు తగ్గించి చెబుతోంది.

ముహరెం చెప్పిన మాట డిపో నుంచి రేడియోకు వెళ్ళేసరికి కాస్త మారింది. "ఎల్స్‌డెన్‌లో కార్లవాళ్ళు బస్సును అడ్డుకున్నారు" అని చదివారు. ఏడూ నలభైకి ఇర్మెలా ఫోను మోగింది. జిల్లా అధ్యక్షుడు శ్రేడర్.

"కోల్బె గారూ, రేడియో విన్నారా? ఎల్స్‌డెన్‌లో ధర్నాట!"

"నేనిక్కడే ఉన్నానండీ. ధర్నా కాదండీ, పాటలవాళ్ళు."

"పాటలు కూడా పాడుతున్నారా! బస్సుకు వ్యతిరేకంగానా?"

"లేదండీ, బస్సెక్కడానికే వచ్చారు."

"బస్సెక్కేశారా? అంటే స్వాధీనం చేసుకున్నారా? డ్రైవరు క్షేమమేనా?"

"టీ తాగుతున్నాడండీ."

"బలవంతంగా తాగిస్తున్నారా? ఉండండి, నేనే వస్తున్నా!" ఫోను తెగిపోయింది.

ఆ రేడియో మాటే జిల్లా సభలో కార్ల పక్షం నాయకుడు గోట్జ్ రిక్‌మన్ కూడా విన్నాడు. జిల్లాలోకెల్లా పెద్ద కార్ల దుకాణం ఆయనది. బస్సుల మీద పెట్టే ప్రతి కాణీ రోడ్ల గుంతల్లోంచి దొంగిలించినదేనని సభలో ఆరేళ్ళుగా చెబుతున్నాడు. కార్లవాళ్ళ ధర్నా, అదీ తను లేకుండా! ఆయన సభకు వెళుతున్నవాడు దారిలోనే బండి తిప్పాడు, తన సభ్యులందరికీ కబురు పెట్టాడు. పావుగంటలో పన్నెండు కార్లూ, రెండు ట్రాక్టర్లూ ఎల్స్‌డెన్ రోడ్డెక్కాయి. రిక్‌మన్ వెళ్ళాడని తెలిసి బస్సు పక్షం వాళ్ళు ఊరుకుంటారా? బస్సును కాపాడటానికి వాళ్ళూ బయలుదేరారు, తొమ్మిది బ్యాటరీ కార్లలో. గాయకుల కార్లు ఒక పక్క, ట్రాక్టర్లు మధ్యన, బ్యాటరీ కార్లు వెనక. రోడ్డు మూతి కట్టేసినట్టయింది.

రిక్‌మన్ రొప్పుతూ వచ్చి నేరుగా టిల్డా ముందు నిలబడ్డాడు. "ఎవరు పిలిచారు వీళ్ళందర్నీ?"

"నేనే పిలిచా. ఏం?"

"నన్నెందుకు పిలవలేదండీ టీచరుగారూ? ఇలాంటి వాటికి ముందుండేది నేను కదా?"

"ఏం పిలుస్తానురా? నీ గొంతు ఎవరితో కలుస్తుంది? ఎనిమిదో తరగతిలోనే నిన్ను వెనక వరసలో నిలబెట్టి, ఊరికే నోరాడించమన్నా."

రిక్‌మన్ ఇది రాజకీయ విమర్శ అనుకుని ఎర్రబడ్డాడు. "నా గొంతు నాలుగు వేలమంది ఓటర్ల గొంతండీ!"

"అందుకే అంత అపశ్రుతి" అంది టిల్డా.

ఇర్మెలా ఇద్దరి మధ్యకూ దూరింది. "అయ్యా, గొడవ తరువాత. బ్రీల్ గారు ఎనిమిదీ ముప్పావుకి కంటి డాక్టరు దగ్గరుండాలి. ఏడు నెలల అపాయింట్‌మెంటు. ముందు బస్సు కదలనివ్వండి."

డాక్టరు అపాయింట్‌మెంటు అనే మాటకు ఆ దేశంలో ఏ పార్టీవాడైనా టోపీ తీస్తాడు. రిక్‌మన్ గొంతు తగ్గించాడు. "ఏడు నెలలా? నాకు మోకాలికి తొమ్మిది పట్టింది. కానీ రోడ్డెక్కడుందమ్మా, కదలడానికి?"

ముహరెం కిటికీలోంచి తల బయటపెట్టి అడవి దారి చూపించాడు. గేటు తాళంచెవి తన దగ్గర ఉంది. మంచు పడినప్పుడు బస్సు అటే వెళుతుంది. కానీ గుండ్రటి స్థలంలోంచి కార్లన్నీ తీశాక ఒక్క కారు మిగిలింది. సరిగ్గా ఆ గేటుకు ముందు, మూతికి బిరడా కొట్టినట్టు. చిన్న కారు. బూడిద రంగు.

"ఎవరిదండీ ఈ కారు?" ఇర్మెలా బస్సెక్కి అరిచింది. గాయకులు తమది కాదన్నారు. చెవుల మనిషి తనకు మోటారు సైకిలుందన్నాడు. ఉన్ని టోపీ మనిషి కిటికీ వైపు ఇంకాస్త తిరిగి కూర్చున్నాడు. ఇర్మెలా దిగి కారు అద్దాల్లోంచి చూసింది, చుట్టూ తిరిగింది, ఎందుకో తెలియకుండానే తలుపు తట్టింది. ఎనిమిది దాటి అయిదు నిమిషాలు.

అప్పుడు వచ్చాడు శ్రేడర్, కార్ల మధ్యనుంచి అడ్డదిడ్డంగా నడుచుకుంటూ, మెడలో టై భుజం మీదికెగిరి. భార్య కారులో దింపి వెనక్కి తిరిగిందట. చర్చి మెట్ల మీద నిలబడి అంతా చూశాడు. చూపు బూడిద రంగు కారు మీద ఆగింది. ముఖం విప్పారింది.

"కోల్బె గారూ! వచ్చేసిందా? తొమ్మిదేళ్ళకి వర్క్‌షాపు నుంచి వచ్చేసిందా! చెప్పరేం?" అందరి వైపూ తిరిగాడు. "ఏం కంగారు లేదు, అది మా రవాణా అధికారి గారి కారే. తియ్యండి కోల్బె గారూ, తీసి పక్కన పెట్టండి."

డెబ్బై మంది ఇర్మెలా వైపు తిరిగారు. చేతిలో తీర్మానం నకళ్ళ సంచి ఉంది. ఆమె దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి, ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. తాళాలు ఇంట్లో మరచిపోయానందామా అనుకుంది. అంటే ఎవరో ఒకరు ఇంటికి పరిగెత్తుతారు. ఇంజనులో మళ్ళీ ఎలుకలందామా? రిక్‌మన్ కార్ల వ్యాపారి, వెంటనే మూత తెరుస్తాడు. బస్సు కిటికీలోంచి బ్రీల్ గారి గొంతు వినిపించింది, "ఎంతయిందమ్మా ఇప్పుడు?"

"ఎనిమిదీ ఎనిమిది" అంది ఇర్మెలా. ఆ రోజు ఆయనకు చెప్పిన మొదటి నిజం అదే. ఒక నిజం నోట్లోంచి బయటపడితే రెండోది దాని తోక పట్టుకునే వస్తుంది. "అది నా కారు కాదండీ. నాకు కారు లేదు. ఎప్పుడూ లేదు. నాకు నడపడం రాదు. ఇదిగో, ఈ బస్సులోనే తొమ్మిదేళ్ళుగా ఆఫీసుకొస్తున్నా."

చర్చిలో పాదిరీ లేచి తనకు దేవుడి మీద నమ్మకం లేదన్నా అంత నిశ్శబ్దం ఉండేది కాదు. ఎక్కడో ఒక ట్రాక్టరు కూడా ఇంజను ఆపేసింది.

"మరి... గేర్లు?" అన్నాడు శ్రేడర్ నీరసంగా.

"లేవండీ."

"ఎలుకలు?"

"అవీ లేవండీ."

"రవాణా అధికారికి కారు నడపడం రాదా!" రిక్‌మన్ పండగ వచ్చినట్టు చేతులు చాచాడు. "అయ్యలారా, అమ్మలారా..."

"నోర్ముయ్ గోట్జ్" అంది టిల్డా. "నీకు కండలున్నాయా, ఉత్త కోటేనా? ఈ డబ్బా ఎంత బరువుంటుంది? పది మంది పడితే గడ్డి మీద పెట్టొచ్చు. మంద్రం వాళ్ళు ముందు, తారం వాళ్ళు వెనక. నీ మనుషుల్ని పిలువు."

టీచరు చెప్పాక కాదనడం రిక్‌మన్ ఎనిమిదో తరగతిలోనే మరచిపోయాడు. కార్ల పక్షం వాళ్ళు ఒక వైపు, బస్సు పక్షం వాళ్ళు ఇంకో వైపు, చుట్టూ గాయకులు. ఆరేళ్ళలో ఆ రెండు పక్షాలూ కలిసి ఎత్తింది అదొక్కటే. "ఒకటీ, రెండూ..." అని టిల్డా ఈల ఊదింది. కారు గాల్లోకి లేచింది. పక్కకు ఒరిగింది. చర్చి గోడ వైపు తూలింది.

"అద్దం! అద్దం జాగ్రత్త!"

కేక బస్సు ఆఖరి కిటికీలోంచి వచ్చింది. ఉన్ని టోపీ మనిషి సగం బయటికి వేలాడుతున్నాడు. చేతిలో, నొక్కితే అంకె మారే చిన్న లెక్క యంత్రం.

అందరూ కారును గడ్డి మీద దించి ఆయన వైపు చూశారు. ఆయన టోపీ సరిచేసుకున్నాడు. "నేనెవర్నీ కాను" అన్నాడు.

"ఆ కారు మీదే కదూ?" అంది ఇర్మెలా.

"పరిశీలకుడు తన్ను తాను బయటపెట్టుకోకూడదు, ప్రయాణికుల్ని ప్రభావితం చెయ్యకూడదు. అందుకే మాట్లాడలేదండీ" అన్నాడాయన ఏడవబోయే గొంతుతో. పేరు ఎంగెల్‌కె. రాజధాని నుంచి వచ్చాడు. ఆ వేళకు ఎల్స్‌డెన్ చేరే బస్సు లేక కారులో రావలసి వచ్చిందట.

ఎనిమిదీ పదిహేడుకి ముహరెం గేటు తాళం తీశాడు. రోడ్డు మూసుకుపోయింది, తొమ్మిదికి సభ, సభ్యులు చాలినంతమంది లేకపోతే ఏ తీర్మానమూ చెల్లదు. అందుకని రెండు పక్షాల సభ్యులూ, శ్రేడరూ, గాయకులూ, చెవుల మనిషీ అందరూ ఆ ఒక్క బస్సులో కుక్కుకున్నారు. అరవై ఒక్క మంది. ఇర్మెలా లెక్కపెట్టుకోకూడదనుకుంటూనే రెండుసార్లు లెక్కపెట్టుకుంది. రిక్‌మన్‌కు సీటు దొరకలేదు. కేకు డబ్బా ఒక చేత్తో, పైన పట్టీ ఇంకో చేత్తో, ముఖం ఎవరి చంక కిందో. అడవి దారి గుంతలకు బస్సు ఎగిరినప్పుడల్లా ఆయన, "ఏం రోడ్డయ్యా ఇది!" అన్నాడు. "మీ గుంతలేనండీ" అన్నాడు ముహరెం.

మెట్టు దగ్గర నలిగిపోతూ నిలబడ్డ శ్రేడర్ ఇర్మెలా వైపు వంగాడు. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది.

"తొమ్మిదేళ్ళు ఎలా దాచారండీ?" అన్నాడాయన గుసగుసగా. "నాకు రెండు నెలలకే ప్రాణం పోతోంది. వేగంగా నడిపానని లైసెన్సు లాగేసుకున్నారు. ఇంకా నెల ఉంది. మా ఆవిడ దింపినప్పుడల్లా ఆఫీసుకు ఒక వీధి ముందే దిగిపోతున్నా. ఈ బస్సు సాయంత్రం ఎన్నింటికి?"

"అయిదూ ఇరవైకండీ" అంది ఇర్మెలా. నవ్వొచ్చింది కానీ నవ్వడానికి కూడా చోటు లేదు.

ఎనిమిదీ నలభై రెండుకి బస్సు కంటి డాక్టరు వీధి మలుపులో ఆగింది. అక్కడ స్టాపు లేదు. బ్రీల్ గారు దిగుతూ టై సరిచేసుకుని, "ఇంత మంది దిగబెట్టడానికొస్తారనుకోలేదమ్మా" అన్నాడు.

సభ సరిగ్గా తొమ్మిదికి మొదలైంది. మొదట ఎంగెల్‌కె లేచాడు. తన లెక్క అరవై ఒకటి వచ్చిందని, కానీ బయటపడిన పరిశీలకుడి లెక్క నిబంధన ప్రకారం చెల్లదని, కాబట్టి మొదటి రెండు రోజులే లెక్కలోకి వస్తాయని చెప్పి కూర్చున్నాడు. సగటు ఎనిమిది. రాష్ట్రం వాటా రాదు. గోడ పక్కన కూర్చున్న ఇర్మెలాకు తను పిన్నులు కొట్టిన కాగితాలు సభ్యుల చేతుల్లో చప్పుడు చేస్తున్నట్టు వినిపించింది. లేచి బయటికి పోదామనుకుంది.

తరువాత రిక్‌మన్ లేచాడు. జుట్టు చెదిరి ఉంది, కోటు మీద ఆపిల్ కేకు. బల్ల మీద గుద్దాడు.

"ఆరేళ్ళుగా నాకెవరూ ఎందుకు చెప్పలేదని అడుగుతున్నా! పన్ను కట్టే మనిషి, యాభై ఎనిమిదేళ్ళ వాడు, ఆ బస్సులో నిలబడాలా? కూర్చోవడానికి చోటు లేదు, ఊపిరాడదు! ఇది జిల్లాకే సిగ్గుచేటు! రాష్ట్రం ఇవ్వకపోతే మానె, ఉదయం పూట ఇంకో బస్సు వెయ్యాలి!"

నిలబడి వచ్చిన ఆయన సభ్యులంతా చప్పట్లు కొట్టారు. బస్సు పక్షం వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆరేళ్ళుగా తాము అడుగుతున్నది అదే. కానీ రిక్‌మన్ అడిగాడంటే లోపల ఏదో మోసం ఉండి తీరాలి. అరగంట బయట గుసగుసలాడుకుని వచ్చి, లోతుగా అధ్యయనం చెయ్యాలంటూ ఓటింగులో తటస్థంగా ఉండిపోయారు. రిక్‌మన్ అడిగిన తీర్మానం కార్ల పక్షం బలంతో నెగ్గింది. ముప్పై ఎనిమిదో నంబరు ఉంటుంది, దానికి తోడు ఇంకో బస్సు వస్తుంది.

మధ్యాహ్నం శ్రేడర్ ఇర్మెలాను గదిలోకి పిలిచాడు. కొత్త బస్సును వచ్చే నెల ఎల్స్‌డెన్‌లో ఘనంగా ప్రారంభించాలన్నాడు. ఆహ్వానపత్రం ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసింది. కాలుష్యం గురించి రెండు వాక్యాలు, సామాన్యుడి ప్రయాణం గురించి మూడు. అంతా అయ్యాక ఆయన కాసేపు కిటికీలోంచి చూసి, అడుగున ఇంకో ముక్క చేర్చమన్నాడు, లేకపోతే ఒక్కడూ రాడని. ఇర్మెలా అదీ కొట్టింది.

'గమనిక: కార్లు నిలుపుకొనుటకు చాలినంత స్థలము కలదు.'